బోరు ఎవరి పట్టాలో ఉంది?

మా నాయిన ట్రంకుపెట్టెలో, పాసుపుస్తకాల అడుగున, 1998 నాటి స్టాంపు కాగితం ఒకటి ఉంది. దాని మీద నలుగురు రైతుల పేర్లు, మూడు సంతకాలు, ఒక వేలిముద్ర ఉన్నాయి. నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు ఉన్న మా ఊళ్లో ఆ నలుగురికీ కలిపి ఒకే బోరు పడింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీవెల్ పథకం కింద వేసిన బోరు అది; ఆ ఏడింటిలో మహబూబ్‌నగర్, నల్గొండ కూడా ఉన్నాయి. ఎవరి వంతు ఏ రోజో, మోటారు కాలితే ఖర్చు ఎట్లా పంచుకోవాలో కాగితంలో వివరంగా రాసుకున్నారు. బోరు ఎవరి పట్టా భూమిలో ఉందో, ఆ భూమి చేతులు మారితే మిగిలిన ముగ్గురి గతేమిటో రాసుకోలేదు. నేను 20 ఏళ్లకు పైగా న్యాయశాస్త్రం బోధించాను. మధ్యలో మూడేళ్లు ఢిల్లీలో, మన ప్రభుత్వం ఇతర దేశాలకు ఇచ్చే సహాయానికి సంబంధించిన ఒప్పంద పత్రాలను పరిశీలించే సలహాదారుగా ఉన్నాను. ఈ రెండు పనుల్లోనూ నేను మళ్లీ మళ్లీ తిరిగివచ్చింది ఆ రాయని వాక్యం దగ్గరికే.

నల్గొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాలలో డిగ్రీ, ఉస్మానియాలో ఎల్ఎల్‌బీ పూర్తిచేసి, 2003లో ఎల్ఎల్ఎం చదువుతున్నాను. ఆ ఏడాది ఫిబ్రవరి 28న ఆర్థికమంత్రి జస్వంత్ సింగ్ బడ్జెట్ ప్రసంగంలో, చిన్న మొత్తాల్లో సహాయం చేస్తున్న దేశాల నుంచి ఇకపై కొత్తగా తీసుకోబోమని ప్రకటించారు. బ్రిటన్, అమెరికా, రష్యా, జర్మనీ, జపాన్, ఐరోపా సంఘం మాత్రం మిగిలాయి. నెదర్లాండ్స్ ఆ జాబితాలో లేదు. అదే ప్రసంగంలో, మనమే పేద దేశాలకు చేయూతనిచ్చే కార్యక్రమం ఒకటి మొదలుపెడుతున్నామని కూడా చెప్పారు. హాస్టల్ రీడింగ్ రూములో పత్రిక చదువుతూ, మా బోరు వేసిన దేశాన్ని మన ప్రభుత్వం మర్యాదగా సాగనంపుతోందని నాకు అర్థమైంది. శలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయినకు ఈ సంగతి చెబితే, ఆయన కాసేపు ఆలోచించి, "మరి ఆల్లు ఇచ్చిన వానకొలత డబ్బా వాపస్ ఇయ్యాల్నా బిడ్డా?" అని అడిగాడు. ఆ పథకంలో రైతులే వాన కొలిచి, బోరులో నీటిమట్టం టేపుతో చూసి, నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఆ లెక్క రాసే పని మా ఊళ్లో నాయినది.

మరుసటి ఏడాదే గొడవ వచ్చింది. ఎవరి చేనులో బోరు ఉందో ఆ రైతు, బిడ్డ పెళ్లికి రెండెకరాలు అమ్మేశాడు. కొన్నాయన హైదరాబాద్ నుంచి వచ్చి, నా భూమిలో ఉన్న బోరు నాదేనన్నాడు. నాయిన స్టాంపు కాగితం తీసి నా ముందు పెట్టాడు. ఎల్ఎల్ఎం పట్టా చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు కాబట్టి నాకు ధైర్యం ఎక్కువగానే ఉండేది; చదివి చూసి, ఇది చెల్లదు నాయినా అని చెప్పేశాను. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిలో హక్కు కల్పించే పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే. ఆ నలుగురు చేయించలేదు, చేయించాలని పథకం వాళ్లు చెప్పినట్టు కూడా నాయినకు గుర్తులేదు. ఊరి పెద్దలు కూర్చుని, కొన్నాయన వారానికి మూడు రోజులు నీళ్లు వదిలేటట్టు ఒప్పించారు. చట్టం చేయలేని పనిని పంచాయితీ సగం చేసింది.

ఆ తర్వాత కొన్నేళ్లు హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేటు లా కాలేజీలో పాఠాలు చెప్పాను. జీతం రెండు నెలలకోసారి వచ్చేది, అంతకంటే చెప్పదగ్గది ఏమీ లేదు. ఆ కాలంలోనే విదేశీ సహాయానికీ రాజ్యాంగానికీ మధ్య సంబంధం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాను. విషయం ఎంచుకున్నప్పుడు పర్యవేక్షకులు, "దీని మీద చట్టమే లేదు కదా, ఏం రాస్తావమ్మా?" అన్నారు. చట్టం లేకపోవడమే నా విషయమని చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

అమెరికాలో ఈ పనికి 1961 నాటి విదేశీ సహాయ చట్టం ఉంది. బ్రిటన్‌లో 1980 నాటి చట్టం ఒకటి ఉండేది. మలేషియాలోని పెర్గావు ఆనకట్టకు ఇచ్చిన సహాయం ఆ చట్టం చెప్పిన ప్రయోజనానికి సరిపోదని 1994లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది. ఆర్థికంగా గిట్టుబాటు కాదని అధికారులే హెచ్చరించిన ప్రాజెక్టు అది. ఒక స్వచ్ఛంద సంస్థ కోర్టుకు వెళ్లి ప్రభుత్వాన్ని నిలదీయగలిగిందంటే, కొలిచి చూడటానికి చట్టంలో ఒక వాక్యం ఉంది కాబట్టి. మన దగ్గర అటువంటి వాక్యం లేదు. రాజ్యాంగం 73వ అధికరణం కింద కేంద్ర కార్యనిర్వాహక అధికారంతో ఒప్పందం కుదుర్చుకుంటారు, ఏటా పార్లమెంటు ఆమోదించే పద్దుల నుంచి డబ్బు విడుదల చేస్తారు. చట్టం లేకుండా ప్రభుత్వం ఒక పని చేయవచ్చా అన్న ప్రశ్నకు రామ్ జవాయా కపూర్ కేసులో 1955లోనే సుప్రీంకోర్టు చేయవచ్చని జవాబిచ్చింది. పంజాబ్ ప్రభుత్వం పాఠ్యపుస్తకాల ప్రచురణ తన చేతిలోకి తీసుకోవడం మీద వచ్చిన ఆ కేసు, విదేశాల్లో ఆనకట్టలు కట్టే అధికారానికీ ఆధారమవుతుందని విద్యార్థులకు చెబితే మొదట్లో నవ్వేవారు. పౌరుల హక్కులు మారనంతవరకు విదేశీ ఒప్పందం అమలుకు ప్రత్యేక చట్టం అక్కర్లేదని మగన్‌భాయ్ పటేల్ కేసులో 1969లో తేల్చారు. సహాయం అందుకునేవాడు మన పౌరుడు కాడు, డబ్బు కట్టే మన పౌరుడికి హక్కు మారదు. అందువల్ల ఇద్దరికీ కోర్టు తలుపు దగ్గర చోటు లేదు. నా పీహెచ్‌డీ సారమంతా ఇంతే. 340 పేజీలు పట్టింది.

2012 జనవరిలో విదేశాంగ మంత్రిత్వ శాఖలో అభివృద్ధి భాగస్వామ్యానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. మన దేశం సహాయం చేయడం అప్పుడే మొదలుకాలేదు. విదేశీ అధికారులకు శిక్షణ ఇచ్చే ఐటెక్ కార్యక్రమం 1964 నుంచీ నడుస్తోంది, నేపాల్‌లో త్రిభువన్ రాజపథం నిర్మాణం 1950లలోనే జరిగింది. అయితే మొత్తాలు పెరిగి, పత్రాలు పెరిగి, వాటిని చదివే మనుషుల అవసరం కూడా పెరిగింది. ఆ ఏడాది చివర నేను కాంట్రాక్టు సలహాదారుగా చేరాను. ఇంటర్వ్యూలో రాజ్యాంగం గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఒక పేజీ ముసాయిదా చేతికిచ్చి, ఇందులో తప్పేమిటో పది నిమిషాల్లో చెప్పమన్నారు. అవగాహన పత్రంలో (ఎంఓయూ) 'షల్' అనే మాట ఎనిమిది చోట్ల ఉంది. కట్టుబాటు వద్దనుకున్న పత్రంలో 'విల్' రాయాలి, 'షల్' రాస్తే అది ఒడంబడికలాగా చదవబడుతుంది. తరగతిలో ఎప్పుడూ చెప్పని ఈ తేడా, ఒక పాత పుస్తకంలో చదివి గుర్తుండబట్టి గట్టెక్కాను.

సలహాదారు సంతకానికి విలువ ఉండదు. పచ్చ నోటుషీటు మీద అభిప్రాయం రాస్తే, దాని కింద రెగ్యులర్ అధికారి రాసిందే ఫైలులో కదులుతుంది. దీనికి అలవాటు పడటానికి అధ్యాపకులకు కష్టంగా ఉంటుంది. పాఠం చెప్పేవాళ్లు చివరి మాట తమదే అనుకుంటారు. అక్కడ నాది ఎప్పుడూ మొదటి మాటే. ఇంకో అలవాటు కూడా మార్చుకోవాల్సి వచ్చింది. "ఈ విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అని నేను మొదటి ఫైలులో రాస్తే, పక్కన పెన్సిలుతో "మరి మనం ఏం చేయాలి?" అని రాసి వెనక్కి పంపారు.

నేపాల్‌లో అప్పట్లో చిన్న అభివృద్ధి ప్రాజెక్టులనే పేరుతో ఒక పథకం 2003 నుంచీ నడుస్తుండేది. బడి, ఆసుపత్రి, వంతెన వంటివాటికి మన దేశం గ్రాంటు ఇస్తుంది, అక్కడి స్థానిక సంస్థల ద్వారానే నిర్మాణం జరుగుతుంది. అటువంటి ఒక బడి భవనం ఒప్పందం పరిశీలనలో భాగంగా, నేపాల్ దక్షిణ మైదానమైన తరాయి ప్రాంతానికి వెళ్లిన బృందంలో నేనూ ఉన్నాను. ఎండాకాలం, రేకుల షెడ్డు కింద పిల్లలు చాపల మీద కూర్చుని ఉన్నారు. అందరూ పునాది కొలతల గురించి మాట్లాడుతుంటే, నేను ప్రధానోపాధ్యాయుడిని లాల్‌పుర్జా చూపించమని అడిగాను. మన పట్టాదారు పాసుపుస్తకం వంటిది అది. ఆయన ఇనుప బీరువా తాళం తీసి, గుడ్డలో చుట్టిన కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద విప్పారు. దేవనాగరి లిపి కావడంతో అక్షరాలు చదవగలిగాను. యజమాని పేరు ఉండాల్సిన చోట బడి పేరు లేదు, ఒక గుడి పేరు ఉంది, దాని పక్కన 'గుఠీ' అని రాసి ఉంది. ఆ మాటకు అర్థం నాకు పుస్తకంలో తెలియదు కానీ, చూడగానే మా ఊరి దేవుని మాన్యం గుర్తుకొచ్చింది. ఇనాం, మఖ్తా, వక్ఫ్ అనే మాటలు వింటూ పెరిగిన తెలంగాణవాళ్లకు, దున్నేవాడు ఒకడు, కాగితంలో పేరు మరొకరిది అనే సంగతి కొత్త కాదు. ఇనాంల రద్దు చట్టం 1955లో వచ్చినా ఇప్పటికీ మన కోర్టుల్లో ఆ కేసులు నలుగుతూనే ఉన్నాయి.

విచారిస్తే అది ధార్మిక ట్రస్టు భూమి అని, గుఠీ సంస్థాన్ అనే ప్రభుత్వ సంస్థ అనుమతి లేకుండా దాని మీద శాశ్వత భవనం కడితే రేపు ఎవరైనా సవాలు చేయవచ్చని తేలింది. ముసాయిదాలో మాత్రం "భూమి ఎటువంటి చిక్కులు లేకుండా అందించబడుతుంది" అనే వాక్యం ఉంది. ప్రతి ఒప్పందంలోనూ ఉండే వాక్యమే కనుక దాన్ని ఎవరూ చదవరు. నేను అభ్యంతరం రాశాను, సమ్మతి పత్రం రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోపు ఒక వానాకాలం గడిచిపోయింది. ఆ పిల్లలు రేకుల షెడ్డు కిందే ఉన్నారు. నేను చేసింది సరైన పనే అని నాకు తెలుసు, అయినా ఆ ఎనిమిది నెలలు నా ఖాతాలో రాసుకోవాల్సిందే.

ఇంకో తప్పు పూర్తిగా నాది. వేరొక ఒప్పందంలో, ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం "ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా" ఇవ్వాలని నేనే రాశాను. మన సాధారణ ఆర్థిక నిబంధనల్లో (జీఎఫ్ఆర్) ఉన్న మాటే అది, అప్పట్లో ఆ ఫారానికి జీఎఫ్ఆర్ 19-ఎ అని పేరు, 2017లో వచ్చిన నిబంధనల్లో 12-ఎ అయింది. అయితే మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, నేపాల్‌ది శ్రావణ మాసంలో, అంటే జులై నడుమ మొదలవుతుంది. పైగా వాళ్లది విక్రమ శకం. 2069/70 ఆర్థిక సంవత్సరానికి ధ్రువపత్రం వచ్చినప్పుడు, భవిష్యత్తు తేదీతో పత్రం ఎట్లా వచ్చిందని ఫైలు మీద ప్రశ్న పడింది. నవ్వుకుని ఊరుకునే విషయం కాదది. ఎవరి సంవత్సరం అని నేను నిర్వచించకపోవడం వల్ల తర్వాతి విడత డబ్బు ఆగింది, కాంట్రాక్టరు కూలీలను పంపేశాడు. అంతర్జాతీయ ఒడంబడికల వ్యాఖ్యానం మీద వియన్నా ఒప్పందంలోని 31వ అధికరణాన్ని ఏళ్ల తరబడి బోధించిన మనిషికి క్యాలెండర్ చూడాలన్న ధ్యాస కలగలేదు.

నేనున్న మూడేళ్లలో చూసినవి అన్నీ చిన్నవి కావు. శ్రీలంకలో మన దేశం చేపట్టిన 50,000 ఇళ్ల పథకం అప్పుడే జోరుగా నడుస్తోంది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లను యజమానులే కట్టుకునేవారు, ఒక్కో కుటుంబానికి 5,50,000 శ్రీలంక రూపాయలు విడతలుగా బ్యాంకు ఖాతాలో పడేవి. యుద్ధంలో ఊళ్లు విడిచివెళ్లిన కుటుంబాల దగ్గర భూమి కాగితాలు ఎక్కడివి? అక్కడా అదే ప్రశ్న. ఇక ఎగుమతి, దిగుమతులకు ఉన్న మన ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ ద్వారా విదేశాలకు ఇచ్చే రుణాల సంగతి వేరు. అందులో సాధారణంగా 75 శాతం వస్తుసేవలు మన దేశం నుంచే కొనాలి. ఇది సహాయమా, ఎగుమతుల ప్రోత్సాహమా అని సెమినార్లలో గంటలకొద్దీ వాదించుకుంటారు. రెండూ అని నా అభిప్రాయం, దాన్ని దాచుకోవాల్సిన అవసరం కూడా లేదు.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డ రోజు నేను ఢిల్లీలోనే ఉన్నాను. ఇంటికి ఫోన్ చేస్తే ఊళ్లో బోనాలంత సందడిగా ఉందని చెప్పారు. ఆ ఏడాదే ఎప్పుడో నాయిన, "నువ్వు ఇప్పుడు దేశాలకు పైసలిచ్చే ఆఫీసుల ఉన్నవు గదా, మనకు బోరేసిన దేశపోళ్లకు కూడ ఇస్తున్నరా?" అని అడిగాడు. వాళ్లకు అవసరం లేదు నాయినా, నేపాల్‌కు, భూటాన్‌కు ఇస్తున్నాం అన్నాను. ఆయనకు అది న్యాయంగా తోచలేదు. బాకీ ఎవరికి ఉన్నామో వాళ్లకే కదా తీర్చాలి అన్నది ఆయన లెక్క.

2015లో కాంట్రాక్టు ముగిసి బోధనకు తిరిగివచ్చాను. ఒక విశ్వవిద్యాలయంలో ఎంపిక కమిటీ ముందు కూర్చున్నప్పుడు, ఆ మూడేళ్లు బోధన అనుభవం కిందికి రావని, ప్రచురణలు లేవు కనుక పరిశోధన కిందికీ రావని తేల్చారు. ప్రచురణలు ఎందుకు లేవో నేను చెప్పలేకపోయాను. ఫైలులో రాసింది బయట రాయకూడదు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద సంతకం చేసి చేరాను. నాకు బాగా తెలిసిన వాటి గురించి మౌనంగా ఉండి, పత్రికల్లో వచ్చిన దాన్నే ఉటంకిస్తూ వ్యాసాలు రాయాల్సి రావడం పండితులకు వింత శిక్ష. ఇక్కడ రాసిన ఉదాహరణల్లోనూ ఊరి పేరు చెప్పకపోవడానికి కారణం అదే. ఆ ఉద్యోగం రాలేదు, రెండేళ్ల తర్వాత మరోచోట దొరికింది.

2016లో రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థలో ఐటెక్ శిక్షణకు వచ్చిన విదేశీ అధికారులకు ఒక ఉపన్యాసం ఇవ్వడానికి వెళ్లాను. పరిచయంలో నాది నల్గొండ అని చెప్పగానే, ఇథియోపియా నుంచి వచ్చిన ఒక అధికారి చెయ్యి ఎత్తి, "నల్గొండ ఊరి పేరా? మేము అది ఒక పద్ధతి పేరు అనుకున్నాం" అన్నారు. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో రూపొందించిన నల్గొండ టెక్నిక్ గురించి ఆయన మాట్లాడుతున్నారు. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి తిప్పి, తేరనిచ్చి, పైనీళ్లు వంచుకోవడం.  మన దేశం నుంచి అది కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. "మీ దగ్గర ఇప్పటికీ బాగా పనిచేస్తోందా?" అని ఆయన ఆశగా అడిగారు. మర్రిగూడ, మునుగోడు వైపు వంగిన కాళ్లతో నడిచే నా ఈడువాళ్లు నాకు తెలుసు. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పటిక ఎక్కువ పోయాలి, అడుగున మిగిలే బురదను రోజూ ఎక్కడో పారబోయాలి, ఆ పని ఎవరిదో ఏ కాగితంలోనూ ఉండదు. మా వైపు చివరికి దారి చూపింది కృష్ణా నీళ్లేనని చెప్పాను. ఆయన పుస్తకంలో రాసుకుని, "మా దగ్గరా బురద దగ్గరే ఆగిపోయింది" అన్నారు.

ప్రస్తుతం నేను రాస్తున్నది ఒక నమూనా చట్టం. 2024-25 బడ్జెట్‌లో విదేశాంగ శాఖకు 22 వేల కోట్ల రూపాయలకు పైగా కేటాయిస్తే, అందులో ఒక్క భూటాన్‌కే 2 వేల కోట్లకు పైగా చూపించారు. ఇంత డబ్బుకు చట్టంలో ఒక ప్రయోజన వాక్యం ఉండాలని, కట్టిన ఆస్తి ఎవరికి, ఏ హక్కుతో అప్పగిస్తున్నామో రిజిస్టర్ అయిన పత్రం ఉండాలని నా వాదన. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్‌కు సంబంధించిన 1971 నాటి చట్టంలోని 15వ సెక్షన్, గ్రాంటు అందుకున్న సంస్థల షరతుల అమలును పరిశీలించే అధికారం ఇస్తూనే, విదేశీ రాజ్యాలను అందులోంచి మినహాయించింది. వేరే దేశపు లెక్కలు మనం తనిఖీ చేయబోవడం మర్యాద కాదు నిజమే, కానీ మన ఒప్పందంలో భూమి గురించి మనం అడిగామా లేదా అన్నది మన లెక్కే. ఆ అధ్యాయం మూడుసార్లు తిరగరాశాను. దౌత్యవేత్తలకు చూపిస్తే బిగుతుగా ఉందంటారు, న్యాయవాదులకు చూపిస్తే వదులుగా ఉందంటారు.

మొన్న దసరాకు ఇంటికి వెళ్తే, నాయిన ఆ స్టాంపు కాగితం బయటికి తీశాడు. మడతల దగ్గర చినిగిపోతోంది. నల్గొండ తీసుకుపోయి లామినేషన్ చేయించుకు రమ్మన్నాడు. ఆ నలుగురిలో ఇద్దరు లేరు, బోరు ఎండిపోయి ఆరేళ్లయింది, ఆ కాగితానికి చట్టంలో విలువ లేదని 2004లో చెప్పింది నేనే. లామినేషన్ చేయిస్తే ఏ ఆఫీసులోనూ తీసుకోరు నాయినా అని, ప్లాస్టిక్ కవరులో పెట్టి మళ్లీ ట్రంకుపెట్టెలో పాసుపుస్తకాల కింద పెట్టాను.